సాలీడు కాటు, పత్తి గింజ

రేడియోధార్మికత సోకిన సాలీడు కరిస్తే మనిషికి నిజంగా గోడలెక్కే శక్తి వస్తుందా? స్పైడర్‌మ్యాన్ సినిమా చూసిన పిల్లలు, కామిక్సు తిరగేసిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ‘అదంతా కట్టుకథ, పోయి చదువుకో’ అని పెద్దలు చాలామంది అక్కడితో ఆపేస్తారు. అలా ఆపేస్తే ఒక మంచి ప్రశ్న వృథా అయిపోతుంది. ఆ పసి ప్రశ్న కడుపులో జీవశాస్త్రానికి చెందిన పెద్ద ప్రశ్న దాగి ఉంది: ఒక జీవికున్న సామర్థ్యం మరో జీవికి సంక్రమించగలదా?

సంక్రమించగలదు. కాటుతో కాదు, మరో దారిలో. దానికి సాక్ష్యం కోసం స్పైడర్‌మ్యాన్ తిరిగే న్యూయార్క్ దాకా వెళ్ళనక్కర్లేదు. పర్చూరు, చిలకలూరిపేట, ప్రత్తిపాడు ప్రాంతాల నల్లరేగడి చేలల్లో ఇరవై ఏళ్ళకు పైగా పండుతున్న పత్తి మొక్కను అడిగితే చాలు. మట్టిలో బతికే ఒక బాక్టీరియా శక్తి ఆ మొక్కలో ప్రతి ఆకులోనూ, ప్రతి కాయలోనూ ఉంది. కథలో హీరోకి జరిగినది అక్కడ మొక్కకు జరిగింది. ఆ తర్వాత ఏమైందన్న దగ్గరే కథకూ చేనుకూ దారులు వేరయ్యాయి. ఆ తేడా తెలిస్తే కామిక్సు సైన్సును ఎక్కడ సరిగ్గా చూపిస్తున్నాయో, ఎక్కడ మనల్ని పక్కదోవ పట్టిస్తున్నాయో తెలుస్తుంది. చేనుకు కొన్న విత్తనాన్నీ, కొట్టిన మందునూ ఏ కళ్ళతో చూడాలో కూడా తెలుస్తుంది.

ఏ కాలానికి ఆ మహిమ

కథల్లో హీరోకి శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో వరసగా చూస్తూ పోతే, ఆయా కాలాలు దేన్ని చూసి ఆశపడ్డాయో, దేన్ని చూసి బెదిరాయో కనిపిస్తుంది. 1938లో సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి వచ్చాడు. 1941లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, బక్కపల్చటి యువకుడొకడు ప్రయోగశాలలో ఒక మందు ఎక్కించుకుని కెప్టెన్ అమెరికా అయ్యాడు. 1961 ఏప్రిల్‌లో యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళాడు. అదే ఏడాది చివర్లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ కథలో నలుగురు మనుషులు రాకెట్‌లో వెళ్ళి విశ్వకిరణాలు తగిలి మారిపోయారు. అమెరికా, సోవియట్ యూనియన్ పోటీపడి అణుబాంబులు పరీక్షించుకుంటున్న 1962లో గామా బాంబు పేలి హల్క్ పుట్టాడు. ఆ సంవత్సరమే ఒక కామిక్సు పత్రిక ఆగస్టు సంచికలో, ఒక సైన్సు ప్రదర్శన చూడడానికి వెళ్ళిన, స్పైడర్‌మ్యాన్ కాబోయే పీటర్ పార్కర్‌ను రేడియోధార్మికత సోకిన సాలీడు కరిచింది. మరుసటి ఏడాది ఐరన్‌మ్యాన్ వచ్చాడు. అతని ఉక్కు కవచాన్ని నడిపించింది ఆనాటి కొత్త వింత ట్రాన్సిస్టర్.

నలభై ఏళ్ళ తర్వాత, 2002లో స్పైడర్‌మ్యాన్ సినిమా తీసినప్పుడు సాలీడు మారిపోయింది. దానికి రేడియోధార్మికత లేదు. అది ప్రయోగశాలలో జన్యువులు మార్చి తయారుచేసిన సాలీడు. అప్పటికి లోకం అణువు భయం నుంచి జన్యువు భయంలోకి జరిగింది. కథ అదే, కాటు అదే. శక్తికి పెట్టిన పేరు మాత్రం మారింది.

మన కథల దారి వేరు. 1947లో మొదలైన ‘చందమామ’ మూడు నాలుగు తరాల తెలుగు పిల్లలకు అద్భుతాల రుచి చూపించింది. దాన్ని తీర్చిదిద్దిన చక్రపాణి, దశాబ్దాల పాటు దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివారే. కుటుంబరావు భౌతికశాస్త్రం చదివిన మనిషి, సైన్సు మీద వ్యాసాలు రాసిన మనిషి. అయినా ఆ పత్రిక కథల్లో శక్తి మంత్రం నుంచో, తపస్సు నుంచో, దేవత వరం నుంచో వచ్చేది. ఎన్.టి. రామారావు 1980లో ‘సూపర్‌మేన్’ సినిమాలో నటిస్తే, ఆ తెలుగు సూపర్‌మేన్‌కు శక్తినిచ్చింది ఆంజనేయస్వామి. 2004లో మన దేశం కోసం ప్రత్యేకంగా స్పైడర్‌మ్యాన్ కామిక్సు తయారుచేసినప్పుడు కూడా పవిత్ర్ ప్రభాకర్ అనే కుర్రాడికి శక్తి ఇచ్చింది సాలీడు కాదు, ఒక యోగి. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ సినిమాలో హీరోకి మణి వల్ల శక్తి వస్తుంది. సైన్సును నమ్ముకుని యంత్రాల కవచం తొడుక్కున్నవాడు విలన్ అవుతాడు.

వాళ్ళది ప్రయోగశాల, మనది వరం. పైకి రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. లోపల మాత్రం రెండింటి నిర్మాణమూ ఒకటే. శక్తి ఒక్క క్షణంలో వస్తుంది. ఒక్కరికే వస్తుంది. మొత్తంగా వస్తుంది. వచ్చాక అలాగే ఉంటుంది. రేడియేషన్ అన్నా, జన్యువు అన్నా ఆ కథల్లో వరానికి మారుపేర్లే. సైన్సు ఈ నాలుగు విషయాల్లోనూ వరానికి పూర్తిగా భిన్నమైనది.

కాటు వల్ల ఎందుకు రాదు?

మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే దాదాపు ప్రతి కణంలోనూ, ఆ శరీరం ఎలా తయారు కావాలో చెప్పే సూచనల మొత్తం ఉంటుంది. దాని పేరే డీఎన్‌ఏ. అందులో ఒక్కొక్క పనికి సంబంధించిన ఒక్కొక్క సూచనను జన్యువు అంటాం.

ఒక పెద్ద ఊరు ఉందనుకోండి. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో రాసిన పుస్తకం ఉంది. అన్ని ఇళ్ళలోనూ అచ్చం ఒకే పుస్తకం. ఒక రాత్రి ఒక ఇంట్లో ఎలుక దూరి ఆ పుస్తకంలో ఒక పేజీ కొరికింది. తెల్లారేసరికి ఊరందరి పచ్చడి రుచీ మారుతుందా? మారదు. ఆ ఒక్క ఇంటి పచ్చడి మారవచ్చు. అది కూడా బాగుపడే అవకాశం కంటే పాడయ్యే అవకాశమే ఎక్కువ. ఎలుకకు పచ్చడి సంగతి తెలియదు కదా, ఏ పదం తగిలితే ఆ పదం కొరుకుతుంది.

రేడియేషన్ చేసే పని అదే. 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల మీద వాలే చిన్న ఈగలను ఎక్స్‌రేలకు గురిచేసి, వాటి పిల్లల్లో వింత మార్పులు వస్తున్నాయని చూపించాడు. ఆ పనికి 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. కిరణాలు జన్యువులను మార్చగలవన్నది నిజమే, కామిక్సు రచయితలు గాల్లోంచి పుట్టించినది కాదు. అయితే ఆ మార్పు గురిచూసి వచ్చేది కాదు. ఎక్కడ తగులుతుందో, ఏమవుతుందో చెప్పలేం. కాటు పడిన చోట కొన్ని వేల కణాలు దెబ్బతింటే అక్కడ పుండు పడవచ్చు. కాలం గడిచాక కాన్సర్ కూడా రావచ్చు. కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా అన్ని కణాలూ ఒకే రకంగా, ఒకే రాత్రిలో, మేలు చేసే వైపు మారడం జరగదు.

మరో సంగతి. సాలీడు విషంలో ఉండేవి ప్రొటీన్లు, ఇతర రసాయనాలు. సాలీడును తయారుచేసే సూచనలు అందులో ఉండవు. పొరపాటున సాలీడు డీఎన్‌ఏ కొంత మన ఒంట్లోకి చేరినా, శరీరం దాన్ని ముక్కలు చేసి వదిలించుకుంటుంది.

పోనీ, ఎలాగో సాలీడు గుణం వచ్చిందే అనుకుందాం. గోడ ఎక్కగలమా? సాలీడు కాలి చివర కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. అవి గోడను అతి దగ్గరగా తాకి పట్టు సాధిస్తాయి. ఒళ్ళు చిన్నది కాబట్టి ఆ పట్టు సరిపోతుంది. జీవి పెద్దదయ్యేకొద్దీ బరువు పెరిగినంత వేగంగా చర్మం వైశాల్యం పెరగదు. ఎత్తు రెట్టింపయితే చర్మం నాలుగింతలు అవుతుంది, బరువు ఎనిమిదింతలు అవుతుంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో ఈ లెక్క వేసి చూశారు. బల్లిలా గోడ ఎక్కాలంటే మనిషి ఒంటి చర్మంలో దాదాపు 40 శాతం పట్టు మెత్తలతో నిండి ఉండాలని తేలింది. అరచేతులు, అరికాళ్ళు ఏ మూలకూ చాలవు.

ఇన్ని తప్పుల మధ్య ఆ మొదటి కామిక్సులో మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. సాలెగూడు చిమ్మే శక్తి పీటర్ పార్కర్‌కు కాటు వల్ల రాలేదు. బడికి వెళ్ళే ఆ కుర్రాడు జిగురు ద్రవాన్నీ, దాన్ని చిమ్మే పరికరాన్నీ తానే ఆలోచించి తయారుచేసుకున్నాడు. 2002 సినిమా దాన్ని తీసేసి, దారం కూడా మణికట్టు నుంచే పుట్టించింది. అలా చేయడంలో కథలో ఉన్న కాస్త నిజమైన సైన్సూ పోయింది. వచ్చిపడిన శక్తి కంటే తయారుచేసుకున్న శక్తే సైన్సుకు దగ్గర.

పట్టుపురుగు రోగం నుంచి పత్తి గింజ దాకా

ఇప్పుడు నిజంగా జరిగిన కథకు వద్దాం. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త, పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోవడానికి కారణం వెతుకుతూ ఒక బాక్టీరియాను కనిపెట్టాడు. పదేళ్ళ తర్వాత 1911లో జర్మనీలో ఎర్నస్ట్ బెర్లినర్, పిండిమరలో పెరిగే ఒక పురుగులో అలాంటి బాక్టీరియానే చూశాడు. ఆ పురుగు వచ్చిన తురింగియా ప్రాంతం పేరు మీద దాన్ని బాసిల్లస్ తురింజియెన్సిస్ అన్నారు. మన రైతులు నిత్యం పలికే ‘బీటీ’ అన్న మాట ఆ పేరులోని రెండు మాటలకు ఇంగ్లీషులో మొదటి అక్షరాలే.

ఈ బాక్టీరియా లోపల స్ఫటికం రూపంలో ఒక ప్రొటీన్ తయారవుతుంది. దాన్ని తిన్న గొంగళిపురుగు కడుపులో ఏం జరుగుతుందో చూడండి. ఆ పురుగు పేగుల్లో ఆమ్లం ఉండదు, దానికి వ్యతిరేకమైన క్షార గుణం గట్టిగా ఉంటుంది. అందులో స్ఫటికం కరుగుతుంది. పురుగు జీర్ణరసాలే దాన్ని కోసి పదునెక్కిస్తాయి. పేగు గోడ మీద కొన్ని ప్రత్యేకమైన అణువులుంటాయి. ప్రొటీన్ వాటికి అతుక్కుని గోడకు రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఆమ్లం ఉంది, ఆ ప్రొటీన్ అతుక్కునే అణువులు లేవు. అందువల్ల అది మన మీద అలా పనిచేయదు. తెల్లదోమ, పచ్చదోమ వంటి రసం పీల్చే పురుగుల మీదా పనిచేయదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును 1981లో విడదీశారు. దాన్ని మొక్కలోకి ఎక్కించడానికి మరో మట్టి బాక్టీరియా సాయం తీసుకున్నారు. ఆగ్రోబాక్టీరియం అనే ఆ జీవికి తన డీఎన్‌ఏ ముక్కను మొక్క కణంలోకి చొప్పించడం పుట్టుకతో వచ్చిన విద్య. శాస్త్రవేత్తలు ఆ ముక్కలో బీటీ జన్యువును పెట్టి పత్తి కణాల్లోకి పంపారు. వేల కణాల్లో కొన్నిటిలోకే అది చేరుతుంది. అలా చేరిన కణాన్ని ఏరి, దాని నుంచి మొత్తం మొక్కను పెంచారు. ఒకే కణం నుంచి పుట్టిన మొక్క కాబట్టి దాని ప్రతి కణంలోనూ కొత్త జన్యువు ఉంటుంది. సాలీడు కాటు చేయలేనిది ఇదే. పుస్తకం ఇంటింటికీ చేరకముందే, మొదటి ప్రతిలోనే కొత్త వాక్యం రాశారు.

అమెరికాలో 1996లో బీటీ పత్తి సాగులోకి వచ్చింది. మన దేశంలో 2002 మార్చి 26న మూడు హైబ్రిడ్ రకాలకు అనుమతి ఇచ్చారు. అనుమతి వచ్చిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జన్యువులు మార్చిన సాలీడు వెండితెర మీద కనిపించింది ఆ ఏడాది మే నెలలో. సినిమాలో కాటు పడ్డ రాత్రికి రాత్రే హీరో కండలు తిరిగి లేచాడు. పత్తి విషయంలో పట్టుపురుగు రోగం నుంచి పత్తి గింజ దాకా రావడానికి నూట ఒక్క సంవత్సరం పట్టింది. ఎన్నో దేశాలు, ఎన్నో ప్రయోగశాలలు, ఒకరి పేరు ఒకరికి తెలియని ఎంతోమంది ఉన్నారు అందులో.

శత్రువు కూడా నేర్చుకుంటాడు

బీటీ పత్తి రాకముందు గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఏం జరిగిందో తెలిస్తే తప్ప, ఆ గింజను రైతులు అంత ఆశగా ఎందుకు అందుకున్నారో అర్థం కాదు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే కొత్త పురుగుమందులు వచ్చాయి. కొద్దిగా కొడితే చాలు, కాయతొలిచే పురుగులు రాలిపోయేవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి విస్తీర్ణం పెరిగింది, మందు కొట్టడమూ పెరిగింది. మందు పురుగుతో పాటు, ఆ పురుగును తినే సాలీళ్ళనూ, అక్షింతల పురుగులనూ చంపింది. ఆ దశాబ్దం మధ్యలో తెల్లదోమ చేలను కమ్మేసింది. 1987-88లో కాయతొలిచే శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. ఆంధ్ర నుంచి తీసుకెళ్ళిన పురుగులను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అవి పైరిథ్రాయిడ్లను తట్టుకునే శక్తి సంపాదించాయని తేల్చారు. అప్పుల్లో కూరుకుపోయి ఈ జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. మహిమ గల మందు అన్న మాటకు ఈ నేల చెల్లించిన ధర అది.

పురుగుకు ఆ శక్తి ఎలా వచ్చింది? దాన్ని ఏ సాలీడూ కరవలేదు. చేలో కోట్ల పురుగులుంటే అన్నీ ఒకేలా ఉండవు. వాటిలో ఏ కొన్నిటికో పుట్టుకతోనే మందును తట్టుకునే గుణం ఉంటుంది. మందు కొట్టినప్పుడు మిగతావన్నీ చస్తాయి, ఆ కొన్ని మిగులుతాయి. మిగిలినవి వాటిలో అవే జతకట్టి పిల్లల్ని పెడతాయి. ఒక్కో ఆడ రెక్కలపురుగు వందల కొద్దీ గుడ్లు పెడుతుంది, ఒక్క పంటకాలంలో మూడు నాలుగు తరాలు గడుస్తాయి. కొన్నేళ్ళకు చేను నిండా తట్టుకునే పురుగులే ఉంటాయి. ఏ పురుగూ తనంతట తాను మారలేదు. తరాలు మారాయి. పరిణామం అంటే ఇదే, మన కళ్ళెదుట చేలోనే జరిగింది.

బీటీ పత్తి వచ్చాక మొదటి ఏళ్ళలో శనగపచ్చ పురుగు బాధ తగ్గింది, దాని కోసం కొట్టే మందు కూడా తగ్గింది. 2006లో ఒకటికి బదులు రెండు బీటీ ప్రొటీన్లున్న పత్తికి అనుమతి వచ్చింది. కానీ పరిణామం ఆగలేదు. కాయతొలిచే మరో పురుగైన గులాబీ రంగు పురుగు మొదటి ప్రొటీన్‌ను తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి వార్త వచ్చింది. 2015 నాటికి రెండు ప్రొటీన్లనూ తట్టుకునే పురుగు అక్కడే కనిపించింది. తర్వాత మన చేలల్లోనూ విచ్చుకోని గుడ్డిపూలు, లోపల పుచ్చిన కాయలు మళ్ళీ మామూలయ్యాయి. ఇటు రసం పీల్చే పురుగుల సంగతి ముందే చెప్పుకున్నాం. బీటీ ప్రొటీన్ వాటి జోలికే పోదు. వాటి కోసం కొట్టే మందు మళ్ళీ పెరిగింది.

శనగపచ్చ పురుగు లొంగి ఉండగా గులాబీ పురుగు ఎందుకు తప్పించుకుంది? ఇక్కడ ప్రకృతి ఒక చక్కటి పాఠం చెబుతుంది. శనగపచ్చ పురుగు పత్తినే కాదు, శనగను, కందిని, టమాటాను, మిరపను కూడా తింటుంది. ఆ చేలల్లో బీటీ లేదు కాబట్టి అక్కడ మామూలు పురుగులు బతికి ఉంటాయి. బీటీని తట్టుకున్న అరుదైన పురుగు వాటితో జతకడితే, పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం బీటీకి లొంగిపోతాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. దాని ప్రపంచం అంతా బీటీ చేనే. మామూలు పురుగు బతికే చోటు లేకపోయేసరికి తట్టుకునేది రాజ్యమేలింది.

మిరపకాయకు ఎవరి మీద కోపం?

ఈ మైదానంలో మరో పంటకు పుట్టుకతోనే మహాశక్తి ఉంది. ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టినవాళ్ళకు అది తుమ్ములతో సహా తెలుస్తుంది. మిరపలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం నిజానికి నోటిని కాల్చదు. మన నాలుక నరాల్లో వేడిని కనిపెట్టే తలుపులు కొన్ని ఉన్నాయి. మామూలుగా అవి 43 డిగ్రీల పైన వేడి తగిలితే తెరుచుకుంటాయి. కాప్సైసిన్ వచ్చి ఆ తలుపునే తెరుస్తుంది. లేని మంట ఉందని మెదడు నమ్ముతుంది. ఈ తలుపును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది.

పక్షుల్లో అదే తలుపు కాప్సైసిన్‌కు తెరుచుకోదు. అందుకే చిలక పండుమిరప కొరికి హాయిగా తింటుంది. ఎలుక వంటి జంతువులు గింజలను నమిలి నాశనం చేస్తాయి, పక్షులు గింజలను చెక్కుచెదరకుండా దూరాలకు చేరుస్తాయి. కాయ కారం ఎవరిని ఆపాలో వారినే ఆపుతుంది. గింజలను కుళ్ళబెట్టే బూజును కూడా కొంత అడ్డుకుంటుంది.

ఇంత శక్తి ఉన్న మిరప, 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు పూతలో దూరితే నిలువలేకపోయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పూత రాలి, కాయ నిలవక రైతులు తోటలే పీకేసిన రోజులవి. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ పురుగు కంటికి సరిగా ఆనదు. కారం దాని దారికి అడ్డే కాలేదు. ఏ జీవి శక్తి అయినా ఫలానా శత్రువు మీద, ఫలానా చోట పనిచేసేదే. అందరినీ గెలిచే శక్తి ప్రకృతిలో లేదు. సూపర్‌మ్యాన్‌కు క్రిప్టోనైట్ అనే రాయిని బలహీనతగా పెట్టిన రచయితలు ఈ నిజానికి చాలా దగ్గరగా వచ్చారు. ప్రతి శక్తికీ ఒక హద్దు ఉంటుందని ఆ రాయి పిల్లలకు చెబుతుంది.

కొన్ని సాళ్ళు వదులుకోవడం

పురుగు తట్టుకునే శక్తి సంపాదించకుండా ఆపే ఉపాయం శాస్త్రవేత్తలకు మొదటి నుంచీ తెలుసు. శనగపచ్చ పురుగు విషయంలో కంది, శనగ చేలు చేసిన పనినే పత్తి చేలో కావాలని చేయాలి. చేను చుట్టూ ఐదు సాళ్ళు గానీ, మొత్తంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మేర బీటీ లేని పత్తి వేయాలని 2002లోనే నిబంధన పెట్టారు. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల పొట్లం ఇచ్చేవారు. అది మామూలు పురుగులకు ఆశ్రయం. వాటిని కావాలనే బతకనివ్వాలి.

ఆ పొట్లం చాలా చేలల్లో గట్టు దాటి లోపలికి రాలేదు. అందుకు రైతును ఒక్కడినే తప్పుపట్టడం అన్యాయం. రెండెకరాల కౌలు చేలో కొన్ని సాళ్ళు పురుగుకు వదిలేయమంటే నష్టం అతనిది, లాభం ఊరందరిదీ, అదీ పదేళ్ళ తర్వాత. ఎందుకు వదలాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు తక్కువ. ఆ పొట్లంలో గింజల నాణ్యత మీదా ఫిర్యాదులుండేవి.

చేసి చూపించిన చోటు లేకపోలేదు. అమెరికాలో అరిజోనా రైతులు 1996 నుంచి దాదాపు పదేళ్ళు ఆశ్రయ పంటను నిబద్ధతతో వేశారు. అక్కడి గులాబీ పురుగు బీటీకి లొంగే ఉంది. 2006 నుంచి మరో అడుగు వేశారు. ప్రయోగశాలలో గులాబీ పురుగులను కోట్ల సంఖ్యలో పెంచి, రేడియేషన్‌కు గురిచేసి, సంతానం కలగకుండా చేసి విమానాల నుంచి చేల మీద వదిలారు. వాటితో జతకట్టిన పురుగుల గుడ్లు పొదగవు. 2018లో అమెరికా పత్తి చేలల్లో గులాబీ పురుగును పూర్తిగా నిర్మూలించినట్టు ప్రకటించారు. కామిక్సులో రేడియేషన్ ఒక పురుగు ద్వారా మనిషికి మహాశక్తినిచ్చింది. నిజంలో అది పురుగు వంశాన్ని ఆపింది, అదీ ఎంతోమంది రైతులు ఒక్కమాట మీద నిలబడినందువల్ల.

కామిక్సు అన్నిటికంటే ఎక్కువగా దాచేది ఈ ‘ఎంతోమంది’నే. శక్తి ఉన్నవాడికి బాధ్యత ఉంటుందని అవి గట్టిగా చెబుతాయి, ఆ మాట విలువైనది. కానీ ఆ బాధ్యతను ఒక్కడి భుజాల మీదే పెడతాయి. సైన్సులో శక్తి అందరి చేతిలోకీ వస్తుంది, బాధ్యత కూడా అందరి మధ్యా పంచుకోవలసి వస్తుంది. గుంటూరు పక్కన లాం గ్రామంలో 1922 నుంచి వ్యవసాయ పరిశోధన జరుగుతోంది. తెల్లదోమను తట్టుకునే ఎల్‌కే 861 వంటి పత్తి రకాలు, ఈ జిల్లాల్లో తరాలుగా వేస్తున్న ఎన్నో మిరప రకాలు అక్కడి నుంచే వచ్చాయి. ఒక్కో రకం వెనక ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి మొక్క మొక్కనూ చూసి రాసుకున్న మనుషులున్నారు. వాళ్ళ పేర్లు ఏ బొమ్మల కథలోనూ లేవు. లింగాకర్షక బుట్టలో రోజూ పడ్డ పురుగులను లెక్కపెట్టే రైతు, నీలం జిగురు అట్టలు కట్టే కూలీ, పంట అయిపోయాక మోళ్ళు పీకి గులాబీ పురుగుకు నిలువనీడ లేకుండా చేసే కుటుంబం, వీళ్ళంతా ఆ పరిశోధనకు అవతలి సగం.

నాలుగు ప్రశ్నలు

పిల్లలను కామిక్సు చదవనివ్వాలి. ఊహ లేకుండా సైన్సు లేదు. ఒక జీవి శక్తి మరొకదానికి వస్తే ఎలా ఉంటుందన్న ఊహ నుంచే ఈ వ్యాసం మొదలైంది. చదివాక వాళ్ళతో కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగడం మన పని. ఈ శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి మీద పనిచేస్తుంది, ఎవరి మీద పనిచేయదు? దానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? ఎదుటివాడు నేర్చుకునేదాకా ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఈ నాలుగూ ఒంటబట్టిన పిల్ల పెద్దయ్యాక పురుగుమందుల కొట్టు ముందు నిలబడినప్పుడు, ‘ఇది ఒక్కటి కొడితే అన్ని పురుగులూ పోతాయి’ అన్న మాట విని డబ్బు తీయదు. ఏ పురుగుకు, ఏ దశలో, ఎన్నిసార్లు, తర్వాత ఏమిటని అడుగుతుంది. 1987లో ఈ నేల మీద అలా అడిగే అవకాశం ఉన్న రైతులు చాలా కొద్దిమంది. అడిగే రైతులు ఊరికి వందమంది ఉంటే ఆశ్రయ సాళ్ళు గట్టు లోపలికి వస్తాయి, వచ్చే కొత్త విత్తనం మరెన్నో ఏళ్ళు నిలవవచ్చు. సైన్సు మనకిచ్చే శక్తిని నిలబెట్టుకోవడానికి ఇంతకుమించిన దారి లేదు, దీన్ని నేర్పడం బడిలోనే మొదలుపెట్టవచ్చు.